పస్కాకు ముందు యూదుల ఇంట్లో పనికి చేరుతున్న చెల్లెమ్మకు: పొయ్యి, అన్నం, బట్టలు

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మార్చి రెండో వారంలో ఇజ్రాయెల్‌లోని బ్నెయ్ బ్రాక్ ఊరిలో 86 ఏళ్ల బామ్మగారిని చూసుకునే పనిలో చేరబోతున్నారు. యూదుల పస్కా పండుగకు ఇల్లంతా దులిపేస్తారని విన్నారు. ఆ వారం అన్నం పప్పు వండుకోవచ్చా, ఏ బట్టలు తెచ్చుకోవాలి అని అడిగారు. చివర రాసిన రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. బామ్మగారి కూతురు ఫోనులో "పొయ్యి మీరు వెలిగించవద్దు, ద్రాక్షసారా సీసా ముట్టుకోవద్దు" అన్నారని, "అక్కడ కూడా మనల్ని అంటరానివాళ్లలా చూస్తారా?" అని మీరు రాశారు. ఇజ్రాయెల్‌లో 14 ఏళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని. మొదటి ఇంట్లో ఆ మాట విన్న రోజు నేనూ ఏడ్చాను. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

వాళ్ల శాస్త్రంలో, వండితే తప్ప తినలేని పదార్థాన్ని పూర్తిగా ఇతర మతస్థులే వండితే తినకూడదు. ఇతర మతాల వారితో విందులు, వాటి వెంట పెళ్లి సంబంధాలు కలవకుండా ఉండాలని పూర్వం వాళ్ల పండితులు పెట్టిన కట్టుబాటు అది. ఇందులో దాచడానికి ఏమీ లేదు. కానీ అది మీ చేతికి మైల అంటగట్టే నియమం కాదు. పచ్చిగా తినగలిగే దోసకాయ, టమాటా, పండ్లు మీరు కోసి పెడితే నిశ్చింతగా తింటారు. బామ్మగారికి స్నానం చేయించేదీ, ముద్ద నోట్లో పెట్టేదీ మీరే. అష్కెనాజీ కుటుంబమైతే, అంటే జర్మనీ, తూర్పు ఐరోపా మూలాలవారైతే, ఇంట్లోవాళ్లు పొయ్యి వెలిగిస్తే చాలు, మిగిలిన వంట మీరు చేయవచ్చు. సెఫార్దీలు, అంటే స్పెయిన్ మూలాలవారూ వారి ఆచారం పాటించే ఇరాక్, మొరాకో వంటి దేశాలవారూ, గిన్నెను పొయ్యి మీద పెట్టేది కూడా తమలో ఒకరే కావాలంటారు. నేను పనిచేసిన ఒక ఇంట్లో బామ్మగారు చక్రాల కుర్చీలో వంటగదిలోకి వచ్చి, వణికే చేత్తో పొయ్యి మీట తిప్పి, "ఇక నీ ఇష్టం" అని వెళ్లిపోయేవారు. ఇద్దరం కలిసి వండినట్టే ఉండేది.

ద్రాక్షసారా సంగతీ ఇలాంటిదే. మూత తీసిన సీసాను ఇతరులు తాకినా, పోసినా కొందరు ఇక దాన్ని వాడరు. సీసా మీద "మెవుషాల్" అని రాసి ఉంటే అది ముందే కాచినది, దానికి ఈ పట్టింపు లేదు. శుక్రవారం రాత్రి బల్ల సర్దేటప్పుడు సగం ఉన్న సీసాను మాత్రం తీయకండి, వాళ్లనే తీయమనండి.

ఇక వంటగది. మాంసం ఒక పక్క, పాల పదార్థాలు ఒక పక్క, రెండూ కానివి మూడో రకం. ఈ మూడో రకాన్ని "పరవె" అంటారు. కూరగాయలు, గుడ్లు, పప్పులు, చేపలు అందులోకి వస్తాయి. మాంసానికి, పాలకు గిన్నెలు, గరిటెలు, కత్తులు, అంట్లు తోమే పీచు, చాలా ఇళ్లలో సింకు కూడా వేరువేరుగా ఉంటాయి. మడి వంట జరిగే ఇల్లు చూసినవారికి ఇది త్వరగానే పట్టుబడుతుంది. మన చేతివాటం మాత్రం ఇక్కడ మోసం చేస్తుంది. కోడి మాంసానికి పెరుగు పట్టించడం, బిర్యానీలో నెయ్యి పోయడం మనకు అలవాటు. ఆ వంటగదిలో రెండూ కుదరవు, ఎందుకంటే నెయ్యి, పెరుగు పాల కిందికే వస్తాయి. కోడికూర చిక్కగా కావాలంటే కొబ్బరిపాలు వాడుకోండి. మాంసం తిన్నాక పాల పదార్థం ముట్టుకోవడానికి ఎక్కువమంది 6 గంటలు ఆగుతారు. జర్మనీ మూలాల కుటుంబాల్లో 3 గంటలు. బామ్మగారు భోజనం చేసిన వేళ ఒక కాగితం మీద రాసుకోండి. మధ్యాహ్నం కాఫీలో పాలు పోయాలా వద్దా అన్నది ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

కోషర్ మాంసాన్ని, అంటే వాళ్ల శాస్త్రం ఒప్పుకునే మాంసాన్ని, అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, కడిగాకే అమ్ముతారు. అందుకే మామూలుగా వేసే ఉప్పులో సగమే వేసి రుచి చూడండి. గుడ్డును నేరుగా పెనం మీద కొట్టవద్దు. గాజు గ్లాసులో ఒక్కొక్కటిగా కొట్టి చూడాలి, రక్తపు చుక్క ఉంటే పారేస్తారు. కొత్తిమీర, పాలకూర వంటి ఆకుకూరల్లో పురుగు కోసం ఆకు ఆకూ వెలుగులో పట్టి చూస్తారు. రొయ్యలు, పీతలు ఆ ఇంటి గుమ్మం దాటి రాకూడదు, ఊరగాయ రూపంలో కూడా. వలిచిన ఉల్లిపాయను, వెల్లుల్లిని రాత్రంతా అలాగే ఉంచితే చాలా ఇళ్లలో వాడరు. మనం రేపటి కోసం వలిచి పెట్టుకుంటాం కదా, అందులో కాస్త నూనో ఉప్పో కలిపి ఉంచండి, అప్పుడు అభ్యంతరం ఉండదు.

ఒక తప్పు గురించి చెప్పాలి. పనిలో చేరిన రెండో నెలలో మాంసపు పులుసును పాల పక్క గరిటెతో కలిపాను. రెండూ స్టీలువే, పిడి మీద అతికించిన నీలం చీటీ ఊడిపోయి ఉంది. పులుసు మరుగుతోంది. కలిపాక చూసుకుని కాళ్లు చల్లబడ్డాయి. ఆ క్షణంలో గరిటె కడిగేసి ఊరుకోవాలనిపించింది. ఊరుకోకుండా చెప్పాను. బామ్మగారు కోప్పడలేదు. కొడుకుతో వాళ్ల మతగురువైన రబ్బీకి ఫోను చేయించారు. ఆయన అడిగినవి మూడే. పులుసు వేడిగా ఉందా? ఆ గరిటెను వేడి పాలలో వాడి 24 గంటలు దాటిందా? గరిటె మునిగిన భాగానికి 60 రెట్ల పులుసు గిన్నెలో ఉందా? దాటింది, ఉంది. పులుసు తినవచ్చన్నారు. గరిటెను మాత్రం సలసల మరిగే నీళ్లలో ముంచి శుద్ధి చేశారు. దాదాపు ప్రతి పొరపాటుకూ వాళ్ల దగ్గర ఒక లెక్క ఉంటుంది. దాచిన పొరపాటుకు మాత్రం ఉండదు. తెలియక తిన్నామని తర్వాత తెలిస్తే ఆ వయసువారు పడే బాధ నేను వేరే ఇంట్లో చూశాను. చెప్పేయండి, వెంటనే చెప్పేయండి.

శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం. దీపాలు సూర్యాస్తమయానికి చాలా ఊళ్లలో 18 నిమిషాల ముందు, యెరూషలేములో 40 నిమిషాల ముందు వెలిగిస్తారు. ఆ తర్వాత వాళ్లు నిప్పు వెలిగించరు, మీట నొక్కరు, వండరు. "ప్లాతా" అనే వేడి పలక శుక్రవారం నుంచే పెట్టి ఉంటుంది. దాని మీద బీన్సు, బార్లీ, బంగాళాదుంప, మాంసం రాత్రంతా ఉడికి శనివారం మధ్యాహ్నానికి ఎర్రగా, మెత్తగా అవుతాయి. దాన్ని చోలెంట్ అనో హమీన్ అనో అంటారు. బల్ల మీద గుడ్డ కప్పిన రెండు హల్లా రొట్టెలు ఉంటాయి. ఆ రోజు బామ్మగారు మిమ్మల్ని "దీపం వెయ్యి" అని అడగరు. "ఈ గదిలో ఏమీ కనిపించడం లేదు" అంటారు. అది సూచన. మీ పనికి వెలుగు కావాలి కాబట్టి మీరు వేసుకోవచ్చు. ప్రాణం మీదికి వస్తే షబ్బాత్ నియమాలేవీ అడ్డురావని వాళ్ల శాస్త్రమే చెబుతుంది. ఊపిరి ఆడకపోయినా, కింద పడిపోయినా ఒక్క క్షణం ఆలోచించకుండా అంబులెన్సుకు 101 కొట్టండి.

ఇప్పుడు పస్కా. హీబ్రూలో పేసహ్. 2026లో ఏప్రిల్ 1 సాయంత్రం మొదలై, ఇజ్రాయెల్‌లో 7 రోజులు, ఏప్రిల్ 8 చీకటి పడేదాకా ఉంటుంది. మన బైబిల్లో "పులిసినది" అని చదివినందువల్ల చాలామంది తెలుగువాళ్లు ఇడ్లీ పిండి, పెరుగు కూడా నిషిద్ధమనుకుంటారు. అది కాదు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఈ అయిదు ధాన్యాల పిండికి నీళ్లు తగిలి 18 నిమిషాలలోపు కాల్చకపోతే అది "హమేత్స్". ఆ 18 నిమిషాలలో కలిపి, ఒత్తి, కాల్చిందే మత్సా రొట్టె. పెరుగు హమేత్స్ కాదు, బియ్యమూ కాదు. అయితే అష్కెనాజీలు బియ్యం, పప్పులు, మొక్కజొన్న, నువ్వులు, ఆవాలు వంటివాటిని "కిత్నియోత్" అని వేరుపెట్టి ఆ వారం తినరు. సెఫార్దీలలో చాలామంది బియ్యం తింటారు. మీ ప్రశ్నకు జవాబు మొత్తం ఈ తేడాలోనే ఉంది.

నేను రమత్ గాన్‌లో చూసుకున్న బామ్మగారు బాగ్దాద్‌లో పుట్టినవారు. పస్కాకు పది రోజుల ముందు బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, బియ్యం పోసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. చాట లేదు, అంతే తేడా. గుప్పెడు గుప్పెడుగా వేలితో పక్కకు జరుపుతూ గోధుమ గింజ ఉందేమో చూడాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఒక గింజ దొరికితే మళ్లీ మొదటికి వెళ్లేవాళ్లం. ఆవిడకు చూపు సరిగా ఆనదు, అందుకని గింజను అరచేతిలో పెడితే వేళ్లతో నలిపి "గోధుమే" అనేవారు. బియ్యంలో రాళ్లు ఏరే మా అమ్మ వేళ్లలాగే ఉండేవి ఆ వేళ్లు.

మీరు చేరేది బ్నెయ్ బ్రాక్‌లో కాబట్టి అష్కెనాజీ కుటుంబం అయ్యే అవకాశం ఎక్కువ, కానీ ఊరిని బట్టి నిర్ణయించుకోకండి, అడగండి. అష్కెనాజీలైతే ఆ 7 రోజులు వాళ్ల గిన్నెల్లో అన్నం, పప్పు కుదరవు. ఆకలితో ఉండాల్సిన పనిలేదు. బంగాళాదుంప, గుడ్డు, చేప, కోడి, వంకాయ, గుమ్మడి, టమాటా, పండ్లు అన్నీ ఉంటాయి. పస్కా ముద్ర ఉన్న నూనెలో బంగాళాదుంప వేపుడు, పచ్చిమిర్చి వేసిన టమాటా పచ్చడి, గుడ్డు కూర చేసుకోండి. తాలింపులో ఆవాలు, మినప్పప్పు ఉండకూడదు. జీలకర్ర, మెంతుల విషయంలో ఇంటికో పద్ధతి. అన్నం కోసం ప్రాణం లాగితే సెలవు రోజున స్నేహితుల గదిలో తినండి. పండుగ వారానికి సెలవు ఎప్పుడో ముందే మాట్లాడుకోండి.

మీ పెట్టె సర్దేటప్పుడే ఒక పని చేయండి. ఇంగువ డబ్బా వెనక చీటీ చదవండి. పొడి ఇంగువల్లో చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు. అంటే అది హమేత్స్. సేమియా, గోధుమ రవ్వ, మైదా బిస్కట్లు, బార్లీ కలిసిన పాలపొడులు కూడా అంతే. పస్కా దాటాక తెప్పించుకోవచ్చు. వాళ్ల మతం కాని మనిషి సొంత వస్తువు విడిగా, మూసి ఉంటే కొన్ని కుటుంబాలు అభ్యంతరం చెప్పవు. అయినా ఆ వారం నేను నా గదిలోకి ఒక్క రొట్టెముక్క కూడా తీసుకురాను. మరిచిపోయి చేతికి అంటిన పొడితో బామ్మగారి పళ్లెం పట్టుకుంటానేమోనని నా భయం.

శుభ్రం చేయడం పండుగకు రెండు మూడు వారాల ముందే మొదలవుతుంది. అలమరలు, పుస్తకాల మధ్య, మంచం కింద చూస్తారు. అందరూ మరిచిపోయేది చక్రాల కుర్చీ. ఏడాదంతా బామ్మగారు బిస్కట్టు తినేది అందులోనే. మెత్త తీసి, దాని కుట్టు మడతల్లో, చేతిపట్టీల సందుల్లో పాత టూత్ బ్రష్‌తో దులపండి. నడక చట్రానికి వేలాడే సంచి తిరగేయండి. చలికోటు జేబులు లోపలి నుంచి బయటికి తీయండి. నేను ఒకసారి జేబు మూల నుంచి రాయిలా గట్టిపడిన బిస్కట్టు ముక్క తీశాను. ఆ ముక్కను చూసి బామ్మగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. మందుల పెట్టెను మాత్రం మీ అంతట మీరు ఖాళీ చేయకండి. మాత్రలో పిండి ఉందేమోనని ఎవరైనా అనుమానపడితే డాక్టరును, రబ్బీని కుటుంబమే అడగాలి. ఒక్క పూట మందు కూడా ఆపవద్దు.

పండుగకు ముందు రాత్రి దీపాలు ఆర్పి, కొవ్వొత్తి, ఈక, కొయ్య చెంచా పట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. వెతకడానికి ఏదో ఒకటి దొరకాలి కదా, అందుకని చాలా ఇళ్లలో 10 రొట్టెముక్కలు కాగితంలో చుట్టి అక్కడక్కడ ముందే పెడతారు. మీరు ఊడుస్తూ వాటిని తీసేయకండి. మర్నాడు ఉదయం వాటిని కాలుస్తారు. టేపు అంటించిన అలమరలు కనిపిస్తే తెరవవద్దు. అందులో ఉన్నవి రబ్బీ ద్వారా వేరే మతస్థునికి చట్టబద్ధంగా అమ్మేసిన వస్తువులు. పండుగయ్యాక తిరిగి కొంటారు.

పస్కా మొదటి రాత్రి జరిగే విందును సేదర్ అంటారు. ఆ భోజనం అర్ధరాత్రి దాటుతుంది, కాబట్టి బామ్మగారిని మధ్యాహ్నం తప్పకుండా పడుకోబెట్టండి. నాలుగు కప్పుల ద్రాక్షసారా తాగాలి. చక్కెర వ్యాధి ఉంటే ఎంత, ఏది అన్నది కుటుంబంతో ముందే తేల్చుకోండి. ఎండు మత్సా ముసలివారి గొంతుకు అడ్డుపడుతుంది. నీళ్లలో నానబెట్టి ఇవ్వవచ్చా అని ముందే అడగండి. హసీదీలు అనే భక్తి శాఖ కుటుంబాలు చాలావరకు తడిసిన మత్సా తినవు, అయినా మింగలేని వృద్ధులకు మార్గం చెబుతారు. ముల్లంగిని పోలిన ఘాటు దుంప తురుము, ఉప్పునీళ్లు, ఆపిల్, అక్రోటు, దాల్చినచెక్క కలిపిన తీపి ముద్ద, ఉడికిన గుడ్డు వరుసగా వస్తాయి. చిన్నవాడు లేచి "ఈ రాత్రి మిగతా రాత్రుల కన్నా ఎందుకు వేరు?" అని పాడేటప్పుడు గిన్నెల చప్పుడు చేయకుండా ఆగండి. బామ్మగారి పెదవులు కూడా కదులుతాయి, చూడండి.

బట్టల విషయం. మీకు వాళ్ల నియమం వర్తించదు, కానీ ఆ వీధిలో, ఆ ఇంట్లో మెడ ఎముక కప్పే, మోచేయి దాటే, మోకాలి కిందికి దిగే బట్టలు వేసుకుంటే అందరికీ ఊరట. వదులైన పొడుగు కుర్తా చాలా ఇళ్లలో సరిపోతుంది. పండుగ రోజులకు నేను పొడుగు లంగా వాడతాను. చీర తెచ్చుకోవచ్చా అన్నారు. మోచేతి దాకా ఉన్న జాకెట్టుతో, నడుము కనబడకుండా పిన్ను పెట్టుకుంటే నిక్షేపంగా కట్టుకోవచ్చు, మనుషులు మెచ్చుకుంటారు కూడా. అయితే బామ్మగారిని మంచం మీది నుంచి లేపేటప్పుడు కుచ్చిళ్లు కాలికి తగులుతాయి, పని వేళ వద్దు. మగవాళ్లు చేయి చాపకపోతే మీరూ చాపకండి, తల పంకిస్తే చాలు.

బామ్మగారి తల గురించి జాగ్రత్త. పెళ్లయిన స్త్రీలు జుట్టు కప్పుకుంటారు, ఇంట్లో రుమాలు, బయటికి, పండుగకు చాలామంది విగ్గు. తలుపు చప్పుడైతే ముందు ఆవిడ తల కప్పి, తర్వాత తలుపు తీయండి. పరాయి మగవాళ్ల ముందు ఎప్పుడూ దువ్వవద్దు. విగ్గును స్టాండు మీద ఉంచండి, దాన్ని కడగడం మీ పని కాదు, పండుగకు ముందు దుకాణంలో సరిచేయిస్తారు. ఒక మతిమరుపు బామ్మగారు అన్నీ మరిచారు, నా పేరు కూడా. రుమాలు జారితే మాత్రం చేయి వెంటనే తలమీదికి వెళ్లేది.

మిగతా పండుగలు వచ్చినప్పుడు ఎలాగూ తెలుస్తాయి. కొత్త సంవత్సరానికి తేనెలో ఆపిల్ ముక్కలు, గుండ్రటి హల్లా ఉంటాయి. ఇరాకీ, మొరాకో ఇళ్లలో ఆ రాత్రి ఖర్జూరం, గుమ్మడితో పాటు మన అలసందలు కూడా పెడతారు. ప్రాయశ్చిత్త దినాన 25 గంటలు ఉపవాసం. తెల్లబట్టలు వేసుకుంటారు, తోలు చెప్పులు వేసుకోరు. బామ్మగారు మందు వేసుకోనని మొండికేస్తే మీరు వాదించకండి, రబ్బీ చెబితే వింటారు. పర్ణశాలల పండుగకు వేసే పందిరి మన తాటాకు పందిరిలాగే ఉంటుంది, పైకప్పు సందుల్లోంచి చుక్కలు కనబడాలి. హనుక్కాకు నూనెలో వేయించిన తీపి బూరెలు. షావుఓత్‌కు పాల వంటలు, ఆ రోజు పెరుగన్నానికి ఎదురు ఉండదు. అన్నట్టు, మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సమాజం, బెనె ఎఫ్రయీం, ఉంది. ఆ ఇళ్లలోనూ పస్కా, షబ్బాత్ జరుపుకుంటారు. మీ బామ్మగారికి ఈ సంగతి చెప్పండి, చాలా ఆశ్చర్యపోతారు.

వచ్చేటప్పుడు ఒక చిన్న గిన్నె, ఒక గరిటె, ఒక పళ్లెం కొత్తవి మీ కోసం తెచ్చుకోండి. ఒకే గిన్నె పట్టే చిన్న కరెంటు పొయ్యి ఇక్కడే కొనుక్కోవచ్చు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఒక అర చూపించమని మొదటి రోజే అడగండి. పస్కా ముందు ఆ గిన్నెలను కూడా సంచిలో కట్టి పైన పెట్టేయండి. ఏప్రిల్ 8 రాత్రి చీకటి పడ్డాక, ఇంటివాళ్లు పస్కా గిన్నెలన్నీ కడిగి, పెట్టెల్లో సర్ది అటకెక్కిస్తారు. ఆ పని ముగిసేదాకా వాళ్లకు చేయి సాయం చేసి, తర్వాత మీ సంచి దించి బియ్యం కడగండి.